కంచన్‌బాగ్ గోడ పక్కన

లోపలికి వెళ్లలేని చోటు గురించి ట్రావెల్ వ్యాసం ఏంటని నవ్వకండి. హైదరాబాద్‌లో సంతోష్‌నగర్ దాటి, మిధాని బస్సెక్కి కంచన్‌బాగ్‌లో దిగితే కనిపించేది పొడవాటి గోడ, ముళ్లకంచె, గేటు దగ్గర సెక్యూరిటీ. అంతే. ఫోన్ జేబులోనే ఉంచుకోవడం మంచిది.

ఆ గోడ వెనకే డీఆర్‌డీఎల్, మన క్షిపణుల పుట్టిల్లు. 1958లో ఢిల్లీలో ఒక చిన్న బృందంగా మొదలై, 1961లో ల్యాబ్‌గా మారి, మరుసటి ఏడాది హైదరాబాద్ చేరింది. ఈ కథ ఎవరు చెప్పినా 1982లో అబ్దుల్ కలాం డైరెక్టర్‌గా రావడంతో మొదలుపెడతారు. నాకు మాత్రం అంతకు ముందు పదేళ్లే ఎక్కువ ఇష్టం.

1970ల్లో ఇక్కడ 'డెవిల్' అనే ప్రాజెక్ట్ నడిచింది. నడిపించింది అప్పటి డైరెక్టర్, వైమానిక దళ అధికారి వి.ఎస్. నారాయణన్. పని ఏంటంటే, రష్యా నుంచి కొన్న ఎస్‌ఏ-2 విమాన విధ్వంసక క్షిపణిని విప్పి, ప్రతి భాగాన్నీ అర్థం చేసుకుని, మళ్లీ మనమే తయారు చేయడం. మా భాషలో రివర్స్ ఇంజనీరింగ్. ఎవరో రాసిన కోడ్ చదివి అర్థం చేసుకోవడానికే నాకు తల ప్రాణం తోకకొస్తుంది. వీళ్లకేమో లోహం, ఇంధనం, గైడెన్స్ అన్నీ కొత్తే! దాంతోపాటే 'వేలియంట్' అనే దూరశ్రేణి క్షిపణి పనీ పెట్టుకున్నారు. వేలియంట్ 1974లో ఆగిపోయింది. డెవిల్‌ని 1980లో మూసేశారు. సైన్యం చేతికి ఒక్క క్షిపణి కూడా అందలేదు. ఆ నాలుగు గోడల మధ్య జీతం తీసుకుంటూ, బయట ఎవరికీ ఏమీ చెప్పుకోలేని ఇంజనీర్ల పరిస్థితి ఊహించండి.

కలాం వచ్చాక, 1983లో, 388 కోట్లతో ఐదు క్షిపణుల కార్యక్రమం మంజూరైంది. ఒకదాని తర్వాత ఒకటి కాదు, అన్నీ ఒకేసారి చేయండన్నది రక్షణ మంత్రి ఆర్. వెంకట్రామన్. 1988 ఫిబ్రవరి 25న మన శ్రీహరికోట నుంచే పృథ్వి ఎగిరింది. అయిదేళ్లలో ఎలా? దాని ద్రవ ఇంధన ఇంజన్ కొత్తగా పుట్టింది కాదు మరి, డెవిల్ కోసం చేసిన పనిలోంచి వచ్చిందే. 1989 మే 22న చాందీపూర్‌లో లేచిన మొదటి అగ్నిలో కింది దశ ఇస్రో ఎస్‌ఎల్‌వీ-3ది, పై దశ పృథ్విది. అంటే మూసేసిన డెవిల్ అందులోనూ కొంచెం ఉంది.

ఐదూ గెలిచాయనుకోకండి. త్రిశూల్ ఏళ్ల తరబడి లాగి చివరికి ఆగిపోయింది. దానివల్ల ఏం మిగిలిందో ఆ గోడ వెనకవాళ్లకే తెలియాలి.

2015లో ఈ క్షిపణి సముదాయానికి కలాం పేరు పెట్టారు. నారాయణన్ పేరు వినాలంటే మాత్రం ఆ చుట్టుపక్కల కాలనీల్లో రిటైరైన ఏ పెద్దాయననో కదిలించాలి.