మన్ను మారిన చోట

పల్నాడులో ఆ ఊరి పేరు రాయను. రాస్తే గుప్తనిధుల వాళ్లు పలుగూ పారా పట్టుకుని దిగుతారు.

ఊరికి పడమట పాటిదిబ్బ ఉంది. ఎప్పుడో పాడుబడిన ఊరే అలా దిబ్బయింది. తరాల తరబడి రైతులు ఆ పాటిమన్ను బళ్లకెత్తి చేలకు తోలుకున్నారు. బూడిదా పెంటా కలిసిన మన్ను, పైరుకు బలం. ఇప్పుడది రక్షిత స్థలం. చుట్టూ 100 మీటర్ల దాకా కొత్త కట్టడం కూడదు. ఆపైన మరో 200 మీటర్లలో ఏం చేయాలన్నా అనుమతి కావాలి. 2010లో చట్టాన్ని సవరించి ఖాయం చేసిన హద్దులివి. మంచినీళ్ల పైపు వెళ్లేది ఆ రెండో హద్దులోంచే. పురావస్తు శాఖ మనిషి దగ్గరుంటేనే తవ్వాలని షరతు.

నేను వెళ్లేసరికి ఆ శాఖ అమ్మాయి గట్టు మీద నిలబడి ఉంది. చేతిలో తాపీ, నడుముకు టేపు. వచ్చిన రోజే జేసీబీ బకెట్ పళ్లకు అడ్డంగా ఇనపరేకు వెల్డింగ్ చేయించిందట. పళ్లతో లాగితే మన్ను చీలిపోయి ఏ పొర ఎక్కడ ఆగిందో తెలియదు. రేకుతో గీస్తే జున్ను కోసినట్టు లేస్తుంది. ఒక్కో గీతకు నాలుగు వేళ్ల మందమే.

రెండడుగుల లోతున నల్లమన్ను పోయి బూడిదరంగు వచ్చింది. ఆమె చెయ్యెత్తింది, జేసీబీ ఆగింది. గుంటలోకి దిగి, తాపీతో గీకి, ఒక పెంకు తీసి నా చేతిలో పెట్టింది. లోపలా అంచునా నలుపు, కింద ఎరుపు. కుండను బోర్లించి కాల్చారన్నమాట. గాలి తగలని మూతి వైపు నల్లబడింది, తగిలిన అడుగు ఎర్రబడింది. ఎరుపు మీద కుమ్మరి వేళ్లు తిరిగిన గీతలు సన్నగా తగిలాయి. చాలాసేపు దాన్ని వదలలేకపోయాను.

పెంకు వెనకే మూరెడు పొడవు ఇటుకలు, వరసగా. గోడే. ఆమె కొలిచింది, ఫొటో తీసింది, చీటీ రాసింది. పైపు దారి అవతలికి జరపమంది. "చూసి ఊరుకోవడానికైతే నేనెందుకండీ? ఆపమనే అధికారం ఉండాలి" అంది. నిజమే. ఆ అధికారం లేని కాపలా ఉత్త సంతకమే.

బిందెతో వచ్చిన ఒక పెద్దావిడ, "నీళ్లు ఇంకా ఆలస్యమా తల్లీ?" అనడిగింది. "ఒక్కరోజే పెద్దమ్మా, రేపు ఆ పక్కనుంచి తవ్వుతారు." ఆ ప్రశ్నకు తలదించుకోకుండా జవాబు చెప్పాలంటే ఒక్కరోజుకు మించి ఆపకూడదు. పాత గోడకూ ఈ బిందెకూ తగువు రానివ్వని పనితనం అది.

ఈ పల్నాడు సీమలోనే నాగార్జునకొండ లోయ నీట మునిగేలోపు, 1954 నుంచి 1960 దాకా తవ్వి చూశారు. అంత పనికీ మొదలు 1920లలో ఒక బడిపంతులు తన కంటపడిన పాత స్తంభం సంగతి ప్రభుత్వానికి తెలియజేయడం. ఊళ్లో మనిషి కన్నే ముందు పడుతుంది. ఇక్కడ ఆ కన్ను జేసీబీ డ్రైవరుది. రోజంతా మన్ను మీదే చూపు పెట్టేవాడు అతనే. అతనికి రెండు రోజులు శిక్షణ ఇస్తే శాఖకు ఊరూరా మనుషులున్నట్టే.

మర్నాడు అవతలి గట్టున కొత్త కాలవ మొదలైంది. ఆమె పుస్తకంలో బొమ్మ గీసుకుంటోంది. ఉన్నట్టుండి ఇంజను చప్పుడు తగ్గింది. చూస్తే బకెట్ గాల్లోనే ఆగి ఉంది.

"మేడమ్, మన్ను మారింది" అన్నాడు డ్రైవరు, కిందికి దిగుతూ.