చాంబర్ తగిలే చోట

మా అనంతపురంలో కారు కొనబోయేవాళ్లు మైలేజీ ఎంతని అడిగాక, వెంటనే అడిగే మాట ఒకటుంది: చాంబర్ తగులుతుందా? ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిని మా మెకానిక్కులు చాంబర్ అంటారు. స్పీడ్ బ్రేకరు మీద అది ఒరుసుకున్న చప్పుడు వినిపిస్తే బండి నడిపేవాడికి గుండె ఝల్లుమంటుంది. అందుకే ఇక్కడ బండి ఎంత ఎత్తుంటే అంత భరోసా. అటువంటి ఊరికి మా అక్క కొడుకు ఎత్తు తగ్గించిన కారు తెచ్చాడు.

వాడు బెంగళూరులో ఉద్యోగం చేస్తాడు. పాత సెడాన్ ఒకటి కొని, స్ప్రింగులు మార్పించి, నలభై మిల్లీమీటర్లు కిందికి దించాడు. ఎందుకురా అంటే, మలుపులో బండి పక్కకు వాలదు మామా, రోడ్డును పట్టుకొని పోతుంది అన్నాడు. చూడ్డానికి కూడా ఒద్దికగా, నేలకు దగ్గరగా ఉంది. కంపెనీ ఇచ్చిన రూపాన్ని మన ఇష్టం వచ్చినట్టు మార్చుకోవడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదనీ, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే చెప్పిందనీ వాడితో అన్నాను. వాడు విన్నాడు. ఆ చర్చ మా ఇద్దరి మధ్య ఇంకా నడుస్తూనే ఉంది. కానీ నాకు ఆలోచన పెట్టింది చట్టం కాదు, ఆ కారులో వాడి పక్కన కూర్చుని మా ఊరు తిరగడం.

లెక్క చూస్తే పెద్ద ఇబ్బంది ఉండకూడదు. మామూలు సెడాన్ అడుగుకూ నేలకూ మధ్య సుమారు 165, 170 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటుంది. అందులో నలభై పోయినా ఇంకా 125 మిగులుతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో పెట్టిన పద్ధతి ప్రకారం స్పీడ్ బ్రేకరు ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. అంత వెడల్పున మెల్లగా లేచి మెల్లగా దిగే మిట్ట అయితే, కిందికి దించిన కారు కూడా దాటిపోవచ్చు. మా సందుల్లో మిట్టలు అట్లా ఉండవు. జానెడు వెడల్పున నిటారుగా లేస్తాయి. చాలావాటిని ఆ వీధివాళ్లే సిమెంటు తెచ్చి కట్టుకున్నారు. ఎవరో ఒక బిడ్డను బండి గుద్దాకే అటువంటి కట్ట లేస్తుంది. దాని మీద కారు అడుగు గీరుకుందని విసుక్కునే ముందు ఆ సంగతి మనకు గుర్తుకు రావాలి. నాకు ఎన్నడూ రాలేదు, ఎందుకంటే నా స్కూటరుకు ఎప్పుడూ ఏదీ తగల్లేదు.

బెంగళూరు నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరాన్ని వాడు ఏ తడబాటూ లేకుండా దాటి వస్తాడు. ఊళ్లోకి దిగాకే అసలు ప్రయాణం. "మామా, నువ్వు దారి చెప్పు, గుంతలు లేని దారి" అన్నాడు. నోరు తెరిచి చెప్పబోయి ఆగిపోయాను. గడియార స్తంభం, సుభాష్ రోడ్డు, సప్తగిరి సర్కిల్, పాతూరు సందులు, కళ్లు మూసుకుని చెప్పగలను. ఏది ఎక్కడికి పోతుందో తెలుసు. ఏ రోడ్డు ఒళ్లు ఎట్లా ఉందో మాత్రం తెలియదు. పుట్టి పెరిగిన ఊరి గురించి అంత తెలియనితనం ఉందని ఆ సీట్లో కూర్చుంటే గానీ తెలిసిరాలేదు.

ఆ సాయంత్రం మేం పోవాల్సింది ఒక దగ్గరి బంధువుల ఇంటికి. వెనక సీట్లో అక్క, మా చిన్నమ్మ. పోవాల్సిన వీధి మొదట్లోనే రోడ్డుకు అడ్డంగా ఒక పొడుగాటి పల్లం. ఎప్పుడో పైపు కోసం తవ్వి, మట్టితో పూడ్చి, పైన తారు వేయకుండా వదిలిన కాలువ అది. వాన పడినప్పుడల్లా మట్టి దిగి, రెండు అంచులూ గట్టిగా పైకి తేలి నిలిచాయి. మావాడు కారు ఆపి దిగి, వంగి చూసి, "తగులుతాది మామా. సుట్టు తిరిగి పోదాం" అన్నాడు.

పక్కనే పంక్చర్ షాపు. అందులోని మనిషి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. కారును ఒకసారి ముందు నుంచీ, ఒకసారి పక్క నుంచీ చూశాడు. "సుట్టు తిరిగితే ఆ పక్క ఇంతకంటే పెద్దది ఉండాది సార్. అందరూ దిగండి. బరువు తగ్గితే ఒక అంగుళం లేస్తాది" అన్నాడు. మేం దిగాం. ఆయన మావాడికి చెప్పాడు: "నేరుగా పోనీయొద్దప్పా. ఓరగా పోనీ. ఒక చక్రం దిగి ఎక్కినంక ఇంకో చక్రం దిగల్ల." అని తాను కాలువ అవతల నిలబడి, చేతితో కొంచెం కొంచెంగా రమ్మన్నాడు. కారు ఓరగా దిగింది, ఓరగా ఎక్కింది. ఏమీ తగల్లేదు.

మేం మళ్లీ ఎక్కలేదు. ముందు ఇంకో రెండు అటువంటివి ఉన్నాయని ఆయనే చెప్పాడు. మావాడు కారును మెల్లగా నడిపించుకుంటూ పోతే, మేం ముగ్గురం వెనక నడిచాం. ఆ వీధిలో నేను ఎన్నోసార్లు బండి మీద పోయాను. నడవడం అదే మొదలు. కాళ్లకు తగిలే కంకర, పక్కకు జరిగి నడవాల్సిన చోట్లు, గడప ముందు నీళ్లు నిలవకుండా ఎవరో వేసుకున్న నాపరాయి, అన్నీ కనిపించాయి. చిన్నమ్మ చేయి పట్టుకుని నడిపించడానికే నాకు చాలాసార్లు ఆగాల్సి వచ్చింది. గుమ్మంలో కూర్చున్న ఒకామె మమ్మల్ని చూసి, "జాగ్రత్తమ్మా, ఆడ రాయి కదులుతాది" అంది. ఎక్కడ ఏ రాయి కదులుతుందో ఆమెకు తెలుసు.

తిరిగి వచ్చేటప్పుడు పంక్చర్ షాపు దగ్గర కాసేపు ఆగాను. కాలువ ఒక అంచున పగిలిన ఇటుకలు, కంకర పోసి ఉన్నాయి. ఆయనే పోస్తాడట. వాన వచ్చి కొట్టుకుపోతే మళ్లీ పోస్తాడట. దానివల్ల ఆయనకు బేరం తగ్గుతుంది కదా అనిపించింది, కానీ అడగలేదు. "ఒకతట్టు పూడిస్తే సైకిలోళ్లు, ముసలోళ్లు దాటుకుంటారు సార్" అన్నాడు. ఈ వీధివాళ్లు ఎవరూ అడగలేదా అంటే, "మొదట్ల అందరం అడిగినాం. ఇప్పుడు ఎవురి బండి వాళ్లు సూసుకుంటాండారు" అన్నాడు. అందులో నిష్ఠూరం ఏమీ లేదు. ఉన్న సంగతి చెప్పినట్టే చెప్పాడు.

ఆ మాట నాతో ఇంటికి వచ్చింది. ఎవరి బండి వాళ్లు చూసుకోవడం తప్పా? మా మేనల్లుడు చేసింది అదే కదా. తన కారుకు దెబ్బ తగలకూడదనుకున్నాడు, చుట్టు తిరుగుదామన్నాడు. కష్టపడి కొనుక్కున్న వస్తువు మీద ఆ మాత్రం ప్రేమ ఉండటం న్యాయమే. ఎత్తయిన కారు కొనుక్కున్నవాళ్లు చేసిందీ అదే, కాకపోతే వాళ్లు పక్కనుంచి కాకుండా పైనుంచి తప్పించుకున్నారు. మా జిల్లాలోనే పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ వచ్చింది. అక్కడ తయారైన మొదటి కారు సెల్టోస్ 2019 ఆగస్టులో మార్కెట్లోకి దిగింది. అదీ ఎత్తయిన బండే. 2022లో జిల్లాలు విడిపోయాక ఆ చోటు శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయిందిగానీ, మా వాళ్లకు అది ఇప్పటికీ మన ఫ్యాక్టరీయే. ఈ కరువు నేల మీద కార్లు తయారవుతున్నందుకు నాకు మనసారా సంతోషం. అయినా ఒక సంగతి మాత్రం తొలుస్తూ ఉంది. బండి ఎత్తు పెరిగేకొద్దీ కింద రోడ్డు చెప్పే మాట మనకు వినిపించడం తగ్గుతుంది. గుంతను అడిగే గొంతులు ఒక్కొక్కటే గుంత మీదుగా దాటిపోతాయి. చివరికి అడగడానికి మిగిలేది సైకిలు మీద పోయేవాళ్లు, నడిచేవాళ్లు, గుమ్మంలో కూర్చునే ముసలమ్మలు.

ఇది రోడ్డుతో మొదలైన అలవాటు కాదేమో. మా నేల చరిత్ర తిరగేస్తే ఇదే నడక నీళ్ల విషయంలోనూ కనిపిస్తుంది. పడమటి కనుమల వానచాటున ఉన్న నేల ఇది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. ఆ కొద్ది నీళ్లనే నిలుపుకోవాలని పెద్దలు చెరువులు తవ్వారు. చెరువు అందరిదీ కాబట్టి కట్ట తెగితే అందరూ పరుగెత్తారు, పూడిక తీయడానికి అందరూ పారలు పట్టారు. బోర్లు వచ్చాక ఎవరి నీళ్లు వాళ్లవి అయ్యాయి. పక్కవాడి బోరు రెండు వందల అడుగులైతే మనది మూడు వందలు, నీళ్లు ఇంకా దిగితే ఆరు వందలు, వెయ్యి. ఎంత లోతుకు పోగలిగితే అంత కాలం చెరువుతో పనిలేదు. తూము పాడైనా, వాగు దారిలో ఇళ్లు లేచినా అడిగే అక్కర ఎవరికీ లేకపోయింది. బోరు వేసిన రైతును నేను తప్పు పట్టలేను. ఎండిపోతున్న శనక్కాయ పైరు ముందు నిలబడినవాడు చెరువు బాగయ్యేదాకా ఆగలేడు. బోరు ఎండి బెంగళూరు బస్సెక్కినవాణ్నీ తప్పు పట్టలేను. మా అక్క కొడుకు అక్కడున్నది కూడా ఆ వలస దారినే కదా. కానీ ఒక్కొక్కరం మన మన దారి వెతుక్కున్నాక, అందరిదీ అయిన చెరువు ఎవరిదీ కాకుండా పోయింది. ఆ నష్టానికి ఒక్కరి పేరు పెట్టలేం. అదే దాన్ని మరింత బరువు చేస్తుంది.

మా ఊరికి ఆనుకునే బుక్కరాయసముద్రం చెరువు. దాని కట్ట తెగబోతే ఆ ఊరి కోడలు ముసలమ్మ తన ప్రాణం ఇచ్చి నిలిపిందని కథ. కట్టమంచి రామలింగారెడ్డి ‘ముసలమ్మ మరణము’ కావ్యానికి వస్తువు ఆ కథే. చిన్నప్పుడు విన్నప్పుడు ఆమె త్యాగానికి చేతులెత్తి మొక్కాను. ఇప్పుడూ మొక్కుతాను. కానీ పంక్చర్ షాపు మనిషి పోసిన కంకర చూసిన రాత్రి ఆ కథలో ఇంకో ముఖం నాకు కనిపించింది. ఊరంతా మోయాల్సిన గండిని ఒక్క మనిషి ఎందుకు మోయాల్సి వచ్చింది? ఆమె గొప్పతనాన్ని పాడుకుంటూ, మిగతా ఊరు ఏం చేసిందో అడగడం మనం మరిచిపోయామా? ఈ ప్రశ్నకు నా దగ్గర తేలికైన జవాబు లేదు. ప్రాణానికీ కంకర తట్టకూ పోలిక లేదు, నిజమే. కానీ పదిమంది వదిలేసిన పని ఒక్కరి చేతిలో పడటం మాత్రం ఒకటే.

తర్వాత ఒకసారి ఆయన దగ్గరికి మళ్లీ వెళ్లాను. ఒక అర్జీ రాద్దాం, వీధిలో అందరి చేతా సంతకాలు పెట్టిద్దాం అన్నాను. రోడ్డు వేయమని రాద్దామా అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "రోడ్డు ఏసినా నిలవదు సార్. కాలువ రోడ్డు కంటే ఎత్తుండాది. నీళ్లు పోయే దారి లేదు" అన్నాడు. అప్పుడు నేను వంగి చూశాను. వీధి పక్క మురుగు కాలువ గట్టు నిజంగానే రోడ్డు కంటే ఎత్తులో ఉంది. పడిన వాన పోవడానికి చోటులేక తారు కింద నానుతుంది. కింద మట్టి మెత్తబడితే మీద లారీ బరువు పడిన చోట తారు పగులుతుంది. తారుకు ఎండ కంటే నీళ్లే పెద్ద శత్రువు. ఇన్నేళ్లు కరువు సీమలో బతికి, మా రోడ్లను పాడు చేసేది నీళ్లేనని ఆలోచించలేదు నేను. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి కాలనీల్లోకి నీళ్లు వచ్చినప్పుడు ఊరంతా ఆ సంగతి చూశాం. వానలు ఆగాక మళ్లీ వానల కోసమే ఎదురుచూశాం. వంక దారి గురించి మాట్లాడటం ఆగిపోయింది.

అర్జీ మా అక్క కొడుకే టైపు చేశాడు. బెంగళూరు నుంచి ఫోన్లో ఒక్కో వాక్యం అడిగి రాశాడు. ముందు కాలువ మట్టం దించాలి, పైపు కోసం తవ్విన చోట మట్టి గట్టిగా దిమ్మిస చేయాలి, ఆ తర్వాతే తారు వేయాలి, ఇళ్ల ముందు మిట్టలు తీసేస్తే వాటి చోట కొలత ప్రకారం కట్టాలి, ఎందుకంటే పిల్లలు ఆడుకునే వీధి అది. ఈ చివరి మాట వాడిదే. మిట్టలు పూర్తిగా తీసేయమంటాడేమో అనుకున్నాను. "అవి ఉండల్ల మామా, కొలత ప్రకారం ఉంటే నా కారు కూడా పోతాది" అన్నాడు. సంతకాల కోసం ఇల్లిల్లూ తిరిగాం. పెద్ద కార్లున్న ఇళ్లవాళ్లు కూడా పెట్టారు. ఒకాయన కళ్లజోడు పెట్టుకుని అంతా చదివి, తన ఇంటి ముందు ర్యాంపు కాలువ మీదికి వచ్చిందనీ, అది కొట్టేయాల్సి వస్తే తానే కొట్టించుకుంటాననీ అన్నాడు. ఆ మాట కూడా అర్జీ అడుగున చేర్చాం. ఒక సోమవారం కలెక్టరేట్‌లో ఇచ్చి రసీదు తీసుకున్నాం. కొలతలు తీయడానికి మనుషులు వచ్చినప్పుడు ఏ చివర నుంచి మొదలుపెట్టాలో చూపించడానికి పంక్చర్ షాపాయన ఒప్పుకున్నాడు. నీళ్లు ఎటు నుంచి ఎటు పోతాయో ఆయనకే బాగా తెలుసు.