ఆఫీసు ఎవరి పేరు మీద ఉంది?

ఇంజనీరింగు చదివి సాఫ్ట్‌వేరులో చేరినవాడికి జీతం లేని రెండో ఉద్యోగం ఒకటి ఉంటుంది. చుట్టాల్లో ఎవరు కంప్యూటరు కొన్నా ఫోను మనకే. మనం రాసేది జావానా, చేసేది టెస్టింగా అన్నది వాళ్ళకి అనవసరం. ర్యామ్ ఎంత, డిస్కు ఎంత అన్న ప్రశ్నలు సులువే. చివర్లో వచ్చేదే కష్టం: "మరి ఆఫీసు ఏది వేయించమంటావు?"

2024 జూన్‌లో ఈ ప్రశ్న మా అక్క దగ్గర్నుంచి వచ్చింది. ఖమ్మంలో ఇంట్లోనే ట్యూషన్లు చెబుతుంది. ఆరు నుంచి పది దాకా, సాయంత్రం రెండు బ్యాచీలు. ప్రశ్నపత్రాలు, ఫీజుల లెక్కలు, పిల్లల తల్లిదండ్రుల ఫోన్ నెంబర్లు అన్నీ కంప్యూటర్లోనే. కొత్త ల్యాప్‌టాప్ కొంటే షాపాయన "ఫుల్ ఆఫీసు ఎక్కించి ఇస్తా మేడమ్, మూడొందలు ఇవ్వండి చాలు" అన్నాడట. పెట్టె మీదేమో హోమ్ అండ్ స్టూడెంట్ 2021 లోపలే ఉందని రాసుంది. "ఉన్నదాని మీద మళ్ళీ ఎక్కించడం ఏంట్రా?" అని అక్క సందేహం. చాలా మంచి సందేహం.

ఆ మూడొందల సరుకు ఎలా పనిచేస్తుందో మనలో చాలామందికి తెలుసు గానీ, తెలియనివాళ్ళ కోసం చెప్తాను. పెద్ద కంపెనీలు వేల కంప్యూటర్లకి ఒక్కో కీ కొట్టుకుంటూ కూర్చోలేవు కదా. అందుకని కంపెనీ నెట్‌వర్కులోనే ఒక సర్వరు పెట్టి, దాని చేత యాక్టివేట్ చేయించుకుంటాయి. దీన్నే కేఎమ్మెస్ అంటారు. ఆ యాక్టివేషన్ 180 రోజులే చెల్లుతుంది, ఈలోపు ఆఫీసు మళ్ళీ ఆ సర్వర్ని పలకరించాలి. ఎక్కువగా తిరిగే ఒక రకం క్రాకు చేసే పనల్లా "ఆ సర్వర్ని నేనే" అని ఆఫీసుని నమ్మించడం. దానికోసం యాంటీవైరస్‌ని పక్కకి తప్పుకోమనాలి, ముక్కూ మొహం తెలియని ప్రోగ్రాముకి అడ్మిన్ హక్కులు ఇవ్వాలి. అది కూడా పిల్లల వివరాలున్న కంప్యూటర్లో! మన ప్రొడక్షన్ సర్వర్లో ఎవడైనా ఈ పని చేస్తే ఆ సాయంత్రానికి వాడి బ్యాడ్జి లాక్కుంటారు.

చట్టం సంగతి అక్కకి చెప్తే నవ్వింది గానీ, ఉన్నమాట ఉన్నట్టు చెప్పాలిగా. 1957 కాపీరైటు చట్టంలో 63బి సెక్షను ప్రకారం, దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్లో వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ళ దాకా జైలు, 50,000 నుంచి రెండు లక్షల దాకా జరిమానా. లాభం కోసం, వ్యాపారం కోసం కాకపోతే జైలు లేకుండా 50,000 లోపు జరిమానాతో వదిలే వీలు కోర్టుకి ఉంది. అంటే చట్టం దృష్టిలో ఇంట్లో వాడకం వేరు, వ్యాపారంలో వాడకం వేరు.

అసలు చిక్కు ఇక్కడే మొదలైంది. క్రాకు వద్దు సరే, పెట్టెతో వచ్చినది వాడుకుందామంటే, హోమ్ అండ్ స్టూడెంట్ అన్న పేరులోనే ఉంది విషయం. అది ఇంటికీ చదువుకీ ఇచ్చిన లైసెన్సు, వ్యాపారానికి కాదు. ఫీజు తీసుకుని చెప్పే ట్యూషను చదువా, వ్యాపారమా? "నేను చదువే చెప్తున్నా కదరా" అంటుంది అక్క. లాయరు దగ్గర ఈ మాట చెల్లదు :) వ్యాపారానికి వాడుకోనిచ్చే హోమ్ అండ్ బిజినెస్ వేరే ఉంది, ధరా వేరే.

ఇంకో సంగతి. ల్యాప్‌టాప్‌తో వచ్చే ఆఫీసు ఆ మిషనుకే అంటుకుని ఉంటుంది, ల్యాప్‌టాప్ పోతే అదీ పోతుంది. యాక్టివేట్ చేసేటప్పుడు ఏ ఈమెయిలు ఇస్తే ఆ ఖాతాకి ముడిపడుతుంది. మా టీములో ఒకతనికి షాపువాళ్ళే ఏదో ఈమెయిలు సృష్టించి యాక్టివేట్ చేసిచ్చారు. ఏడాది తర్వాత విండోస్ మళ్ళీ వేసుకోవాల్సొస్తే ఆ ఈమెయిలేంటో, పాస్‌వర్డేంటో చెప్పే నాథుడు లేడు. డబ్బు మనది, పేరు ఎవరిదో. అందుకే అక్కకి గట్టిగా చెప్పాను, యాక్టివేషన్ షాపులో వద్దు, ఇంటికొచ్చాక నీ ఈమెయిలుతో నువ్వే చెయ్యి అని.

చివరికి రెండూ ఉంచాం. పెట్టెతో వచ్చినది మా మేనల్లుడి స్కూలు ప్రాజెక్టులకి. ట్యూషను పనికి లిబ్రే ఆఫీసు. దాని లైసెన్సు (మొజిల్లా పబ్లిక్ లైసెన్సు 2.0) ఇల్లా, వ్యాపారమా, ఎన్ని కంప్యూటర్లు అని అడగదు. దీని పూర్వ చరిత్ర నాకు భలే ఇష్టం. సన్ కంపెనీ 1999లో స్టార్ డివిజన్‌ని కొని, 2000లో ఆ ఆఫీసు సోర్సుకోడ్‌ని బయటపెట్టింది. అదే ఓపెన్ ఆఫీసు. 2010లో సన్‌ని ఒరాకిల్ కొనేసింది. కొత్త యజమాని పోకడ నచ్చని డెవలపర్లు ఆ సెప్టెంబరులో కోడు పట్టుకుని బయటికొచ్చి లిబ్రే ఆఫీసు మొదలుపెట్టారు. కోడు తెరిచి ఉండబట్టే అది కుదిరింది. (పాత పేరు గుర్తుండి ఇంకా ఓపెన్ ఆఫీసే దించుకునేవాళ్ళు ఉన్నారు. పేరు బతికే ఉంది గానీ పని జోరుగా సాగేది లిబ్రేలోనే.)

అలాగని అందరికీ ఇదే వాడమని చెప్పను. ఎక్సెల్‌లో మాక్రోలు రాసుకుని బతికే అకౌంట్సువాళ్ళకి ఇది తలనొప్పే, వాళ్ళు కొనుక్కోవడమే మేలు. ఎక్స్‌లుకప్ ఫంక్షను కూడా 2024 ఆగస్టులో 24.8 వచ్చేదాకా ఇందులో లేదు. కాలిబ్రి ఫాంటు బదులు అదే వెడల్పున్న కార్లిటో వాడుతుంది కాబట్టి పేజీలు పెద్దగా చెదరవు గానీ, టేబుళ్ళు ఎక్కువున్న ఫైలు ఒక్కోసారి చెదురుతుంది. ప్రింటుకిచ్చేది పీడీఎఫ్ చేసి ఇవ్వమన్నాను.

అక్కని అసలు ఇబ్బంది పెట్టింది ఇవేవీ కాదు, తెలుగు. పాత ప్రశ్నపత్రాలన్నీ అను ఫాంట్లలో కొట్టినవి. కొత్త ల్యాప్‌టాప్‌లో తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలిసిన గందరగోళం. ఆ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చిపెడతాయి, ఫాంటు లేకపోతే అసలు రూపం బయటపడుతుంది. అంటే ఫైలు అక్కదే, చదివే హక్కు ఫాంటుది. ఏ ఆఫీసు కొన్నా ఈ తాళం తీయదు. యూనికోడుకి మార్చే పరికరాలు ఉన్నాయి, మార్చాం కూడా. కాకపోతే ఒత్తుల దగ్గరా వట్రసుడి దగ్గరా తేడాలొస్తాయి, ప్రతి పేపరూ కూర్చుని దిద్దుకోవాలి. కొత్తవన్నీ యూనికోడులోనే, మండలి ఫాంటులో కొడుతోంది. అది గూగుల్ ఫాంట్స్‌లో ఉచితమే.

పదో తరగతివి దిద్దడం అయింది. ఎనిమిది, తొమ్మిది ఇంకా మిగిలే ఉన్నాయి, అందుకే పాత ల్యాప్‌టాప్ అమ్మలేదు. బ్యాటరీ చచ్చిపోయి, ఛార్జరు తగిలించుకుని, అను ఫాంట్ల కోసమే బీరువా మీద కూర్చునుంది.