ప్యాకేజీలో కనపడని లెక్క

ప్లేస్‌మెంట్ సీజన్ వచ్చిందంటే హాస్టల్లో ఒకటే లెక్కలు. సీటీసీ ఎంత, చేతికొచ్చేది ఎంత, బాండ్ ఎన్నేళ్లు, క్యాబ్ ఉందా లేదా. "అక్కడ మనిషి మనసు బాగోకపోతే ఏం చేస్తారు?" అని అడిగినవాళ్లని మాత్రం నేనింకా చూడలేదు.

మా మేనమామ ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. అక్కడ ఎవరి వేలు తెగినా క్షణాల్లో ఫస్ట్ ఎయిడ్ వాళ్లొస్తారు. మామయ్యకి వరసగా నైట్ షిఫ్టులు, నిద్ర పట్టదు, నిద్ర కోసం మందు. ఓ రోజు గేటు దగ్గర ఊదించారు, దొరికిపోయాడు. సస్పెన్షన్ కాగితం చేతిలో పెట్టి ఇంటికి పంపారు. డాక్టరుకి చూపించుకోమని ఒక్కరూ అనలేదు. ఉద్యోగం పోతుందన్న భయంతో ఆ రోజే మందు మానేశాడు. రెండో రోజు రాత్రి ఫిట్స్! ఏళ్ల తరబడి రోజూ తాగినవాళ్లు ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదకి రావచ్చని, వైద్యంతోనే మాన్పించాలని పెద్దాసుపత్రి డాక్టరు చెప్పేదాకా మా ఇంట్లో ఎవరికీ తెలీదు. మామయ్య కోలుకున్నాడు గానీ, ఉద్యోగం తిరిగి రాలేదు.

తాగి మెషీన్ ముట్టుకుంటే పక్కవాడి ప్రాణం పోదా అంటారు. నిజమే, గేటు దగ్గర ఆపాల్సిందే. ఆపాక ఏం చేశారన్నదే నా ప్రశ్న. అమెరికాలో డ్యూపాంట్, ఈస్ట్‌మన్ కొడాక్ లాంటి కంపెనీలు 1940లలోనే ఉద్యోగుల చేత తాగుడు మాన్పించే కార్యక్రమాలు పెట్టాయి. పని తెలిసిన మనిషిని పోగొట్టుకుంటే కంపెనీకీ నష్టమే కదా! డిప్రెషన్, ఆందోళనల వల్ల ప్రపంచంలో ఏటా 1,200 కోట్ల పనిదినాలు పోతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఏడాదికోసారి యోగా క్లాసు పెట్టి ఫొటోలు దిగితే సరిపోదు. కౌన్సెలర్‌తో చెప్పుకున్నది మేనేజరు చెవిన పడకూడదు. వైద్యానికి సెలవు దొరకాలి. తిరిగొచ్చేసరికి కుర్చీ ఉండాలి. ఈ మూడూ లేనిచోట ఎవరూ నోరు విప్పరు.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, శరీరానికొచ్చే జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకీ బీమా ఇవ్వాలి. కంపెనీ పాలసీలో దానికి ఎంత కవరేజీ ఉందో ప్రీ-ప్లేస్‌మెంట్ టాక్‌లో అడగండి. అందరిముందు అడగడానికి మొహమాటమైతే, అక్కడ చేరిన సీనియర్‌ని అడగండి.

ఈలోగా రెండు నంబర్లు ఫోన్‌లో దాచుకోండి: మనసు బాగోకపోతే టెలీ మానస్ 14416, వ్యసనం మానడానికి సాయం కావాలంటే 14446. మనకి కాకపోయినా, పక్క రూములోవాడికి పనికిరావచ్చు.