పండుగప్పకి ఏ ఎర?



సెలవులకి వచ్చిన పిల్లలు అమెరికా నుంచి ఈకలు కట్టిన గాలాలు తెచ్చి, "యానాంలో పండుగప్పకి ఏది వేయాలి?" అని అడుగుతున్నారు. అక్కడ చారల బాస్ చేపకి వాడేవే అవి. ఇక్కడా పనికొస్తాయి. రెండు చేపలూ ఉప్పునీటికీ మంచినీటికీ మధ్య తిరుగుతూ చిన్న చేపల్నీ రొయ్యల్నీ వేటాడేవే.

రంగు చూసి ముచ్చటపడొద్దు. ముందు సైజు. ఆ పూట గౌతమి ఒడ్డున తిరుగుతున్నది వేలెడు రొయ్యా, జానెడు కొయ్యింగా? ఎర అంతే ఉండాలి. తర్వాత లోతు. పాటు మొదలయ్యాక మడ కాలవల్లోంచి చిన్న చేపలు కొట్టుకొస్తాయి. పండుగప్ప కాలవ మొగలో వేళ్ల చాటున కాపు కాస్తుంది. అక్కడ నీరు లోతుగా, వడిగా ఉంటే తల దగ్గర బరువున్న ఎర కావాలి. నీరు తక్కువుంటే తేలేది చాలు. రంగు ఆఖర్న: తేట నీటికి తెలుపు, గోదారి ఎర్రనీటికి నలుపు.

ఇంకో మాట. పండుగప్ప సాధారణంగా మొదట మగది, పెద్దయ్యాక ఆడదవుతుంది. బాగా పెద్ద చేపంటే దాదాపు తల్లే. ఇదే చేపని ఆస్ట్రేలియాలో క్వీన్స్‌ల్యాండ్ తూర్పు తీరాన 58 సెంటీమీటర్లకి తగ్గినా, 120 దాటినా వదిలెయ్యాల్సిందే. అందుకే మేం గాలం ఎదురుముల్లు పటకారుతో నొక్కేస్తాం. చేపకి గాయం తగ్గుతుంది, వదలడం తేలిక.

పులుసుకి మూడు కిలోలది చాలదా? పెద్దది పడితే ఫొటో ఇక్కడ పెట్టండి, చేపని గోదాట్లో వదలండి.