లాగకూడని దారం

మా ఇంట్లో మిషను చప్పుడు ఆగిపోయిన పదకొండు రోజుల గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఆ రోజులన్నీ మా పిల్లి బతుకుతుందో లేదోనన్న బెంగతో గడిచాయని స్నేహితులందరికీ చెప్పాను. అది సగమే నిజం.

అమ్మకి ఇరవై తొమ్మిదో ఏట నాన్న పోయాడు. తెనాలి పక్కన మా ఊళ్ళో అప్పటికి అమ్మ చేతిలో మిగిలింది పుట్టింటివాళ్ళు పెళ్ళికి పెట్టిన కుట్టుమిషను ఒక్కటే. జాకెట్లు, లంగాలు, స్కూలు యూనిఫారాలు, చీరలకి ఫాల్స్. అన్నయ్యా నేనూ చదువుకున్నది ఆ మిషను మీదే. నాకు హైదరాబాదులో లెక్చరర్ ఉద్యోగం స్థిరపడ్డాక అమ్మని నా దగ్గరికి రమ్మన్నాను. మిషను లేకుండా రానంది. వచ్చిన నెలకల్లా మా అపార్టుమెంటులో ఆడవాళ్ళందరి చీరలూ మా ఇంటికే రావడం మొదలైంది. ‘ఈ వయసులో ఇంకా కుట్టడం ఎందుకమ్మా’ అని నేను అనేదాన్ని, ఫోన్లో అన్నయ్యా అనేవాడు. ఆ మాటలో అమ్మ మీద ప్రేమ ఎంత ఉందో, లెక్చరర్ గారి తల్లి ఊరందరికీ ఫాల్స్ కుడుతోందన్న చిన్నతనం కూడా అంతే ఉందని ఇప్పుడు ఒప్పుకోవాలి.

పిల్లి ఒక వానాకాలం సాయంత్రం తడిసి ముద్దయి మెట్ల కింద దొరికింది. తెచ్చింది నేనే అయినా పేరు పెట్టింది అమ్మ. కాజా. అందరూ తాపేశ్వరం కాజా అనుకుంటారు. కాదు, జాకెట్టుకి కుట్టే కాజా. ఎండలో కూచుంటే దాని కంటిపాప సన్నగా నిలువుగా చీలి, అచ్చం కాజాలాగే ఉంటుందని అమ్మ కనిపెట్టింది. మా ఊళ్ళో ప్రయాణానికి బయల్దేరేటప్పుడు పిల్లి ఎదురొచ్చినా, విధవ ఎదురొచ్చినా వెనక్కి తిరిగి వచ్చి మంచినీళ్ళు తాగి వెళ్ళేవాళ్ళు. ఎవరైనా ఊరెళ్తున్నారంటే అమ్మ వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా వంటింట్లోనే నిలబడి ఉండేది. కాజా వచ్చాక దాన్ని ఒళ్ళో కూచోబెట్టుకుని, ‘ఇద్దరం కలిసి వీధిలోకి వెళ్దామే, ఎవరు ఆపుతారో చూద్దాం’ అని నవ్వేది. ఆ నవ్వు నేను చిన్నప్పుడు ఎరగను.

అమ్మ మిషను కుడుతుంటే కాజా పక్కనే. రీలు తిరగడం, దారం కదలడం, తెంపిన ముక్కలు గాలికి దొర్లడం చూస్తూ పంజా విసిరేది. మేం మురిసిపోయేవాళ్ళం. క్యాలెండర్లలో, గ్రీటింగు కార్డుల మీద పిల్లి పక్కన ఉన్ని ఉండ లేకుండా ఎప్పుడైనా చూశామా? ఆ బొమ్మలో ప్రమాదం ఉందని నాకు ఎవరూ చెప్పలేదు.

ఒక రాత్రి కాజా వాంతి చేసుకుంది. తెల్లవారేలోపు మరో మూడుసార్లు. తెల్లటి నురగ తప్ప ఏమీ లేదు. పొద్దున్న పాల గిన్నె వైపు చూడనైనా లేదు, మంచం కిందకి దూరి రానంది. దగ్గరలో ఉన్న పశువైద్యుడు పొట్ట నొక్కి చూసి, ‘ఏ బల్లినో తినుంటుంది’ అని ఇంజెక్షను ఇచ్చి పంపించాడు. నోరు తెరిచి చూడలేదు. చూడాలని నాకూ తెలియదు.

ఆ రాత్రి కూడా అంతే. మర్నాడు అది పంజాతో మూతి రుద్దుకుంటూ, గుటకలు వేస్తూ, చొంగ కారుస్తుంటే దవడ పట్టుకుని నోరు తెరిచాను. నాలుక కింద సన్నటి గీత. అమ్మ హెమ్మింగుకి వాడే బులుగు దారం. నాలుకని చుట్టి, మెత్తటి కండలోకి దిగి, రెండు కొసలూ గొంతులోకి పోతున్నాయి. నాకు ఒళ్ళు జలదరించింది. వేళ్ళతో అందుకుని లాగబోయాను.

అమ్మ నా మణికట్టు పట్టుకుంది.

‘లాగకు. లాగావంటే లోపలంతా కుచ్చు పడుతుంది.’

ఆ మాట వినిపించింది కానీ నాకు ఎక్కలేదు. ఆటోలో వెళ్తూ, ఒళ్ళో బుట్టలో కాజా మూలుగుతుంటే నేను అన్నది ఇది: ‘ఎన్నిసార్లు చెప్పానమ్మా ఆ దారాలు కింద పడెయ్యొద్దని!’

నిజానికి నేను ఒక్కసారీ చెప్పలేదు. అమ్మ ఏమీ అనలేదు. చీర కొంగు బుట్ట మీద కప్పి పట్టుకుంది.

ఈసారి వెళ్ళిన చోట డాక్టరు చిన్నమ్మాయి. కాజా దవడ కింద బొటనవేలితో పైకి నొక్కి నాలుక ఎత్తి చూసింది. వాంతులవుతున్న పిల్లిని తెస్తే ముందు ఇక్కడే చూడాలంది. ఎక్స్‌రేలో సూది ఉంటే కనపడుతుంది, దారం కనపడదు. సూది లేదు. స్కానింగులో పేగు ఒకచోట ముడతలు ముడతలుగా దగ్గరికి లాక్కుని ఉంది. వెంటనే ఆపరేషను చెయ్యాలంది.

దారం పిల్లికి ఎందుకంత ప్రమాదమో ఆమె చెబితే తెలిసింది. పిల్లి నాలుక మీద గొంతు వైపు వంగిన సన్నటి ముళ్ళుంటాయి. వాటికి తగులుకున్నది ఉమ్మెయ్యాలన్నా బయటికి రాదు, నాకేకొద్దీ లోపలికే పోతుంది. అలా పోయిన దారం ఒక కొస నాలుక కిందో, పొట్ట చివర పేగు మొదలయ్యే చోటో చిక్కుకుంటే అసలు కష్టం మొదలవుతుంది. పేగు తన పని తాను చేస్తుంది. లోపలున్నదాన్ని ముందుకి తోస్తుంది. కొస బిగిసి ఉంది కాబట్టి దారం కదలదు. అప్పుడు పేగే ఆ దారం మీదకి ఎక్కి ముడుచుకుంటుంది. బిగిసిన దారం మడత లోపలి వైపు ఒరుసుకుంటూ రంపంలా కోస్తుంది. చిల్లు పడితే పేగులో ఉన్నదంతా కడుపులోకి కారి విషమిస్తుంది. ఇక ప్రాణం దక్కడం కష్టం. బయట కనిపించిన కొసని మనం లాగడమంటే ఆ కోతని మన చేత్తో పూర్తి చెయ్యడమే. వెనక భాగం నుంచి వేలాడుతున్నా అంతేనట. లాగకూడదు, ఇంట్లో కత్తిరించకూడదు, నూనె తాగించి వాంతి చేయించకూడదు. అలాగే ఎత్తుకుని పరిగెత్తాలి.

కాజాకి నాలుక కింద దారం తెంపి, పొట్టా, పేగు రెండు చోట్లా కోసి తీశారు. మూరన్నర పొడవుంది. పేగుకి చిల్లు పడలేదు. ఇంకొక్క రోజు ఆలస్యమైతే చెప్పలేకపోయేదాన్నని డాక్టరు అంది. అన్నయ్య ఫోన్లో ‘పిల్లికి ఆపరేషనా!’ అని నవ్వి, ‘అమ్మని ఆ మిషను ఇంక మానెయ్యమను’ అన్నాడు.

చెప్పక్కర్లేకపోయింది. ఇంటికి వచ్చిన రోజే అమ్మ మిషను మీద పాత దుప్పటి కప్పేసింది. సగంలో ఉన్న చీరలు ఎవరివి వాళ్ళకి ఇచ్చి వచ్చింది. సూదులు, రీళ్ళు, బాబిన్లు అన్నీ సంచిలో కట్టి అటక మీద పెట్టించింది. గదంతా మోకాళ్ళ మీద పాకుతూ తడిగుడ్డతో తుడిచింది. నేను చూస్తూ ఊరుకున్నాను. ఇంకా చెప్పాలంటే, తృప్తిగా ఊరుకున్నాను. ఇన్నాళ్ళకి నా మాట నెగ్గింది.

అప్పుడు నేను ఒక సెమినారు పేపరు రాస్తున్నాను. ఇంటిపనీ, సూదిపనీ, ఆడవాళ్ళ చేతుల్లో ఉన్న జ్ఞానాన్ని చరిత్ర ఎలా లెక్కలోకి తీసుకోలేదో అని. పక్కగదిలో మిషను చప్పుడు లేదు కాబట్టి పని చురుగ్గా సాగుతోందని సంబరపడ్డాను కూడా.

పదకొండో రోజున కుట్లు విప్పించడానికి వెళ్ళాం. డాక్టరు కాజాని తిప్పి చూస్తూ, ‘చాలామంది కంగారులో లాగేసి తీసుకొస్తారు. మీకు లాగొద్దని ఎవరు చెప్పారు?’ అంది. ‘మా అమ్మ’ అన్నాను. ఆ రెండు ముక్కలు అంటుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

‘మీకెలా తెలుసమ్మా?’ అని ఆమె అమ్మని అడిగింది.

అమ్మ మొహమాటపడింది. బల్ల మీద గాజుగుడ్డ ముక్క ఉంటే తీసుకుని, అలవాటుగా జాకెట్టుకి గుచ్చుకున్న సూది తీసింది. అన్నీ అటకెక్కించినా ఆ ఒక్క సూదీ దానికున్న దారమూ మిగిలాయి. గుడ్డకి నాలుగు పొడుగు కుట్లు వేసి, ఒక కొస ముడేసి రెండో కొస లాగింది. గుడ్డంతా ముడుచుకుని దగ్గరికొచ్చింది.

‘లంగాకి కుచ్చు ఇలాగే కదా పెడతాం డాక్టరమ్మా. ఒక కొస బిగిసిపోయాక రెండోది లాగితే గుడ్డ దారం మీదకి ఎక్కుతుంది. ఇంకా లాగితే గుడ్డే చిరుగుతుంది. లోపలున్నదీ మెత్తటిదే గదా.’

‘స్కానింగులో మేం చూసింది ఇదేనమ్మా’ అంది డాక్టరు. అమ్మ కళ్ళజోడు సవరించుకుని కాజా పొట్ట మీద కుట్లు చూసింది. ‘ఒక్కోదాన్నీ విడిగా ముడేశారు. మంచి పని. మేం ఒకే దారంతో లాక్కుపోతాం, ఒకచోట తెగితే వరసంతా ఊడుతుంది’ అంది. డాక్టరు పకపకా నవ్వింది. ఇద్దరు పనివాళ్ళు ఒకరి పని ఒకరు మెచ్చుకుంటుంటే నేను బుట్ట పట్టుకుని పక్కన నిలబడ్డాను.

తర్వాత పిల్లి నాలుక గురించి వెతికి చదివాను. జార్జియా టెక్‌లో అలెక్సిస్ నోయెల్ అనే పరిశోధకురాలు ఇంట్లో తన పిల్లి దుప్పటిని నాకబోయి నాలుక చిక్కుకుపోవడం చూసి, ఎందుకలా అయిందని పరిశోధన మొదలుపెట్టిందట. 2018లో డేవిడ్ హూతో కలిసి ప్రచురించిన పత్రంలో, ఆ ముళ్ళ కొసలు చిన్న గరిటెల్లా బోలుగా ఉండి ఉమ్మిని వెంట్రుకల మధ్యకి చేరవేస్తాయని చూపించారు. చదివి సంతోషించాను. ఇంట్లో పిల్లిని గమనించిన స్త్రీ చూపు శాస్త్రమైంది. మరి మా అమ్మ చూపు? యాభై ఏళ్ళు గుడ్డ మీద దారం చేసే పనిని గమనించి, ఒక్క క్షణంలో దాన్ని ఒక ప్రాణి పేగుకి అన్వయించిన ఆ తెలివిని నేను ఏమన్నాను? ‘దారాలు కింద పడేస్తావు’ అన్నాను.

జాగ్రత్తలు చెప్పే పుస్తకాలన్నీ కుట్టుపెట్టె మూసి ఉంచండి, ఉన్ని ఎత్తి పెట్టండి అంటాయి. సరైన మాటే. కానీ మా ఇంట్లో దారాలు అమ్మవి మాత్రమేనా? వాడిపోయాక నేను విసిరేసిన మల్లెపూల మాలలో దారం, రాఖీ, చేతికి కట్టిన తోరం, గిఫ్టు ప్యాకెట్టు రిబ్బను, బాత్‌రూంలో నా డెంటల్ ఫ్లాస్, సంక్రాంతికి బాల్కనీలో తెగిపడ్డ గాలిపటం దారం. మాంసం, చేపలు కట్టి తెచ్చిన పురికొస ఇంకా ప్రమాదం, వాసనకి అదే వెళ్ళి నములుతుంది. ఇవన్నీ ఎవరు ఏరాలి? ప్రమాదం జరగ్గానే నా వేలు ఇంట్లో పనిచేస్తున్న మనిషి వైపు, అదీ ఆమె పని వైపు ఎంత సులువుగా తిరిగింది! ఆమె పని మానేస్తే ఇల్లు భద్రమవుతుందని నేను నమ్మాను. ఆ నమ్మకం నాకు కొత్తగా వచ్చింది కాదు. నాన్న పోయాక మా ఊరు అమ్మతో అన్నదీ అదే: నువ్వు ఎదురు రాకుండా ఉంటే చాలు.

ఆ సాయంత్రం అటక ఎక్కి సంచి దింపాను. క్షమించమని అడగడం మా ఇంట్లో అలవాటు లేదు. ‘అమ్మా, నా నీలం చీరకి ఫాల్ ఊడింది’ అన్నాను. అమ్మ నా మొహంలోకి చూసి, ‘అంత దానికి అటక ఎక్కాలా’ అంది. మిషను మీద దుప్పటి మాత్రం రెండు రోజుల తర్వాత తీసింది.

ఇప్పుడు మిషను పక్కన బిగుతు మూతున్న బిస్కెట్ల రేకు డబ్బా ఉంది. తెంపిన దారం తెంపినట్టే అందులోకి పోతుంది. సూదిలో దారం ఉంచి గోడకో, జాకెట్టుకో గుచ్చడం అమ్మ మానేసింది, కష్టంగానే. కుట్టేటప్పుడు గది తలుపు వేసి ఉంటుంది. సాయంత్రం మిషను ఆగాక ఆ గది ఊడ్చి, మూలమూలా వంగి దారాలు ఏరే పని నాది. కాజా తలుపవతల కూచుని లోపలికి రానివ్వమని అరుస్తూ ఉంటుంది. మొదటి వారంలో నాకు పిడికెడు దారం దొరికింది. అందులో సగం నా చున్నీ అంచులవే.