పేరులో ఒక అక్షరం

మా ముస్లింలకు ఈమధ్య ఒక కొత్త రోగం పట్టుకుంది. దాని పేరు కాగితం. పొద్దున లేస్తే జిరాక్సు, సాయంత్రానికి అఫిడవిట్. ఇది అందరికీ ఉన్న బాధే కదా అంటారు. నిజమే. మీసేవ కౌంటర్ ముందు నిలబడ్డ రైతుకూ, పెన్షన్ కోసం తిరిగే ముసలవ్వకూ 'సర్వర్ డౌన్' అనే మాట ఒకేలా వినపడుతుంది. కాని ఆ లైన్లో నిలబడ్డ అందరి భయమూ ఒకటి కాదు. కాగితంలో తప్పు పడితే రైతుకు పని ఆగుతుంది. మాకు పని ఆగడమే కాదు, 'అసలు నువ్వెవరు?' అనే ప్రశ్న కూడా ఎదురొస్తుంది.

మా అమ్మీ సంగతే చూడండి. రేషన్ కార్డులో ఆమె పేరు చివర 'బీ' ఉంది. ఓటరు కార్డులో 'బేగం' అయింది. ఆధార్‌లో ఆ రెండూ లేవు. బ్యాంకు పుస్తకంలో అబ్బా పేరులోని ఒక ముక్క వచ్చి ఆమె పేరు ముందు కూచుంది. అబ్బా పోయాక ఆయన ఖాతాలో ఉన్న కాస్త డబ్బు ఆమెకు రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఈమే ఆయన భార్య అని రుజువేంటన్నారు. నికానామా తీసుకెళ్లాం. మెహర్ ఎంతో, గవాలు ఎవరో, ఖాజీ దస్తఖత్తు, అన్నీ ఉన్నాయి అందులో. ఉర్దూలో ఉంది కాబట్టి మాకు తెలియదన్నారు. ఇరవై ఏళ్లుగా ఉర్దూ వార్తలు తెలుగులోకి మార్చి బతుకుతున్నవాణ్ణి, నేను చదివి చెప్తానన్నాను. కొడుకు తర్జుమా చెల్లదట.

ఆ రోజు అమ్మీ ఒక మాట అంది. 'నలభై రెండేళ్లు సంసారం చేసినా బేటా. ఇప్పుడు నేను ఆయన పెళ్లాన్నని ఇంకెవరో తర్జుమా చేసి చెప్పాల్నా?'

ఈ గందరగోళానికి కారణం మా నిర్లక్ష్యం అనుకునేవాళ్లున్నారు. అసలు కారణం లిపుల మధ్య ఉంది. ఉర్దూలో ఒక్క 'జ' లాంటి ధ్వనికే నాలుగు అక్షరాలున్నాయి. జాకిర్‌లో ఉండేది జాల్, జాహిద్‌లో జే, జమీర్‌లో జ్వాద్, జఫర్‌లో జోయ్. తెలుగులో రాస్తే నాలుగూ ఒక్క 'జ' అయిపోతాయి. ఆ తెలుగు చూసి కంప్యూటర్ ఆపరేటరు ఇంగ్లీషులో 'జె' కొడతాడు. ఉర్దూ పలుకుబడి తెలిసినవాడు 'జెడ్' కొడతాడు. ఇద్దరూ తప్పు చేయలేదు. కాని కంప్యూటర్ దృష్టిలో ఇద్దరు మనుషులు పుట్టుకొచ్చారు. షేక్ అనే రెండక్షరాల మాటనే ఇంగ్లీషులో నాలుగు రకాలుగా రాసినవి ఒకే ఇంటి కార్డుల్లో చూశాను.

ఇక ఇంటిపేరు. ప్రతి ఫారంలో ఆ గడి ఉంటుంది. మాలో చాలామందికి ఇంటిపేరు లేదు. కోస్తాలో షేక్, సయ్యద్, పఠాన్ అని ముందు పెట్టి గడి నింపుతారు. తెలంగాణలో మహమ్మద్ ఉంటుంది, దాన్ని 'ఎండీ' అని కుదిస్తారు. ఏ కంపెనీకి ఎండీవి సాయిబూ అని నవ్వేవాళ్లూ ఉన్నారు. ఒకసారి కౌంటర్లో పిల్లవాడు విసుగ్గా అన్నాడు: 'ఏంది సార్, మీ వాళ్ల పేర్లన్నీ ఒక్కతీరే ఉంటయి!' పాపం, అతని మీద కోపం రాలేదు. మా పేర్లు ఎలా రాయాలో ఏ బడీ అతనికి చెప్పలేదు.

పుట్టిన తేదీ మరో కథ. అమ్మీ ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఏడు పుట్టింది. అంటే 1956. జనన మరణాల నమోదు చట్టం వచ్చింది 1969లో. అంతకుముందు పల్లెలో ఇంట్లో పుట్టిన ఆడపిల్లకు సర్టిఫికెట్ ఎక్కడినుంచి తేవాలి?

మా బస్తీలో బీడీలు చుట్టే ఒక ఖాలా ఉంది. ఆకు కత్తిరించీ, దారం చుట్టీ ఆమె వేళ్ల గీతలు అరిగిపోయాయి. రేషన్ దుకాణంలో మిషన్ మీద వేలు పెడితే పడదు. కొంగుతో తుడిచి మళ్లీ పెడుతుంది. ఏ పని చేసి పిల్లల్ని సాకిందో, ఆ పనే ఆమె ఆమె కాదని సాక్ష్యం చెబుతోంది.

విచిత్రమేమంటే, ఈ ఆఫీసుల భాషంతా మాదే. తహసీల్దారు, దరఖాస్తు, దస్తావేజు, రసీదు, వకీలు, జప్తు... ఏది తీసేసి మాట్లాడతారు? నిజాం కాలపు భూమి కాగితాలు పట్టుకుని హిందూ రైతులు కూడా నా దగ్గరికి వస్తారు. 1358 ఫస్లీ అని ఉంటే 590 కలిపి 1948 అని చెప్తాను. వాళ్ల తాతల పేర్లు ఉర్దూలో చదివి వినిపిస్తే కళ్లు మెరుస్తాయి. ఉర్దూ 2017లో తెలంగాణలో, 2022లో ఆంధ్రప్రదేశ్‌లో రెండో అధికార భాష అయింది. నేను తిరిగిన కౌంటర్ల దాకా మాత్రం ఆ చట్టం నడిచి రాలేదు.

ఇవన్నీ చిన్న చికాకులే. వీటిని భయంగా మార్చింది మాత్రం 2019. ఆ ఆగస్టు 31న అస్సాంలో ఎన్నార్సీ తుది జాబితా వచ్చింది. 19 లక్షల పైచిలుకు మంది పేర్లు అందులో లేవు. వాళ్లలో ముస్లింలూ ఉన్నారు, హిందువులూ ఉన్నారు. డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చింది. పొరుగున ఉన్న మూడు దేశాల నుంచి వచ్చిన ఆరు మతాలవాళ్లకు దారి తెరిచింది. ఆ ఆరింటిలో మా మతం లేదు. ఎన్నార్సీ మా దగ్గర జరగలేదు. 2020 మార్చిలో తెలంగాణ అసెంబ్లీ దానికి వ్యతిరేకంగా తీర్మానం కూడా చేసింది. అయినా మా బస్తీ నిద్రపోలేదు. ట్రంకు పెట్టెలు తెరిచారు. పాత కిరాయి రసీదులు, చిరిగిన టీసీలు, దాదా కాలం నాటి ఉత్తరాలు బయటికి తీశారు. 2025లో బిహార్‌లో ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణ మొదలైందని తెలియగానే మళ్లీ అదే వెతుకులాట.

మేం పుట్టిన మట్టిలోనే మా తాతల గోర్లున్నాయి. కాని గోరీకి జిరాక్సు తీయలేం.

అడిగేది పెద్దదేం కాదు. పేరు రాసేటప్పుడు మనిషిని అడిగి రాయండి. ఉర్దూ చదవగలిగినవాణ్ణి ఆఫీసుకొకణ్ణి కూచోబెట్టండి. మా నిరుద్యోగ పిల్లలకు కొలువులన్నా దొరుకుతాయి. 'జె'కూ 'జెడ్'కూ తేడా వస్తే అది రాసినవాళ్లు సరిచేయాల్సిన తప్పుగా చూడండి, మోసిన మనిషి మీద నేరంగా చూడకండి. పేరులో ఒక అక్షరం మారినంత మాత్రాన మనిషి ఈ దేశం నుంచి జారిపోకూడదు.